ఫలితాల నెలలో విలేకరి గ్రేస్

గ్రేస్ బీఏ పాసైన రోజున ఎవరూ ఆమె ఫొటో తీయలేదు. కాలేజీ ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా మార్కుల జాబితా బయటికి చాపి, "ఈడ సంతకం పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చిన సంగతి ఆ కిటికీకి తెలియదు. ఇంటికి వెళితే తల్లి తిప్పమ్మ బొరుగులు, బెల్లం కలిపి వీధిలో పిల్లలందరికీ పంచింది. అంతటితో ఆ పండగ ముగిసింది. అది 1994.

వాళ్ళది కనగానపల్లి పక్కన చిన్న పల్లె. నాయన అంజనప్ప వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా వేసుకుని, భార్యాబిడ్డలతో చర్చికి నడిచేవాడు. గ్రేస్ ఇంటర్లో ఉండగా ఆయన జబ్బుచేసి పోయాడు. చదువు మానిపించమని చుట్టాలు చెబితే తిప్పమ్మ వినలేదు. కూతుర్ని తీసుకుని ధర్మవరం వచ్చి, పట్టుచీరలు నేసే ఇళ్ళలో దారం కండెలు చుట్టే పనికి కుదిరింది. అలా నడిచిన చదువు అది.

డిగ్రీ అయ్యాక గ్రేస్‌కు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో పని దొరికింది. ఆ బూత్‌లో ఫ్యాక్స్ మిషను ఉండేది. సాయంత్రమయ్యేసరికి లక్ష్మీనారాయణ అనే విలేకరి స్కూటరు మీద వచ్చి, వార్తలు రాసిన కాగితాలు అనంతపురంలోని పత్రిక డెస్కుకు పంపమని ఇచ్చేవాడు. ఆయన పొలాలున్న ఇంటి మనిషి, విలేకరి పని సరదాకు మొదలుపెట్టి వదల్లేకపోయినవాడు. ఆయన దస్తూరి డెస్కులో ఎవరికీ అర్థమయ్యేది కాదు. పంపిన పది నిమిషాలకే "ఇది ఏం ఊరు? ఇది ఎవరి పేరు?" అని అక్కడినుంచి ఫోను వచ్చేది. ఒకరోజు ఆయన విసుగుపడి, "పాపా, నీ రాత గుండ్రంగా ఉంటాది గదా, రేపట్నుంచి నువ్వే తిరగరాసి పంపించు" అన్నాడు.

తిరగరాయడంతో మొదలైంది. మెల్లగా ఆయన నోటితో చెబితే ఆమెకు వార్తగా రాయడం వచ్చింది. 1996లో పత్రిక జిల్లా పేజీలు పెంచి ప్రతి మండలానికి ఒక విలేకరిని పెట్టినప్పుడు, కనగానపల్లికి లక్ష్మీనారాయణ ఆమె పేరే చెప్పాడు. డెస్కు ఇన్‌చార్జి వెంకటస్వామికి అనుమానం. ఆడపిల్ల బస్సులు పట్టుకుని పల్లెలు తిరుగుతుందా అని.

"తిరుగుతాది సామీ. నేను చెప్తాండా గదా" అన్నాడు లక్ష్మీనారాయణ ఫోనులో, ఆమె ఎదుటే.

అలా పొద్దున పల్లెలు, మధ్యాహ్నం నుంచి బూత్. ఎండిన బోర్లు, రేషన్ షాపులు, జాతరలు, బస్సు ప్రమాదాలు రాసింది. ఆమెకు నిజంగా ఇష్టమైన కాలం మాత్రం మే, జూన్ నెలలు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఫలితాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చేవి. ఫలితాలు వచ్చిన తెల్లవారి పత్రిక నిండా ఒకటే బొమ్మ: ప్రిన్సిపాల్ విద్యార్థి నోట్లో లడ్డూ పెడుతుంటాడు, ఇద్దరూ కెమెరా వైపు చూస్తుంటారు. పక్క పేజీలో ప్రైవేటు కాలేజీల ప్రకటనలు, స్టాంపుల్లా వరసగా అంటించిన పిల్లల ముఖాలు. విలేకరులందరూ ఆ ప్రకటనల కోసమే తిరిగేవాళ్ళు. కనగానపల్లిలో ప్రైవేటు కాలేజీ లేదు. కాబట్టి గ్రేస్‌ను ఎవరూ ప్రకటనలు అడగలేదు. పాసైన పిల్లల ఇళ్ళకు వెళ్ళడానికి ఆమెకు తీరిక దొరికింది.

1997 జూన్‌లో డిగ్రీ ఫలితాలు వచ్చాయి. బుక్కపట్నం నుంచి రోజూ బస్సులో ధర్మవరం వచ్చి చదువుకున్న హరిత అనే అమ్మాయి బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసైందని కాలేజీలో ఒక లెక్చరర్ చెప్పింది. వాళ్ళ నాయన చెరువులో చేపలు పడతాడట. వాళ్ళ వీధిలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల అట. బుక్కపట్నం గ్రేస్ మండలం కాదు. లక్ష్మీనారాయణను అడిగితే, "పో పాపా, అక్కడి విలేకరి ఎట్లాగూ పోడు" అన్నాడు.

చెరువుకట్ట కింద చిన్న ఇల్లు వాళ్ళది. నాయన వాకిట్లో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. అవ్వ ఎదురొచ్చి పీట వేసింది. హరిత సన్నగా, పొడుగ్గా ఉంది, ఎక్కువ మాట్లాడలేదు. గ్రేస్ ఇల్లంతా కలయజూసి చాలా ప్రశ్నలు వేసింది. ఇంట్లో కరెంటు ఎప్పుడు వచ్చింది, ఫీజులకు ఎలా ఇబ్బంది పడ్డారు, చేపలు అమ్మడానికి అమ్మాయి కూడా వెళ్ళేదా, ఇవే. హరిత ఒకటీ అరా మాటల్లో జవాబు చెప్పింది. చివర్లో గ్రేస్ కెమెరా తీసింది.

"ఆ చేపల బుట్ట ఒక్కసారి నెత్తిన పెట్టుకుంటావా? ఫొటో బాగొస్తాది."

హరిత నాయన వైపు చూసింది. ఆయన తల వంచి వల ముడి బిగించుకున్నాడు. ఆమె బుట్ట ఎత్తుకుంది.

ఆ వార్త జిల్లా పేజీలో పైన, పెద్ద బొమ్మతో వచ్చింది. 'చేపల బుట్ట మోసి పట్టా సాధించింది' అని డెస్కు శీర్షిక పెట్టింది. వెంకటస్వామి స్వయంగా ఫోన్ చేసి, "కళ్ళనీళ్ళు తెప్పించినావు గ్రేసమ్మా" అని మెచ్చుకున్నాడు. తిప్పమ్మ ఆ పేపరు పట్టుకుని, తను పనిచేసే ప్రతి మగ్గం ఇంట్లోనూ చూపించి వచ్చింది.

రెండు రోజుల తర్వాత హరిత ఎస్టీడీ బూత్‌కు వచ్చింది. చేతిలో పేపరు మడిచి ఉంది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుని గ్రేస్ లేచి స్టూలు జరిపింది. హరిత కూర్చోలేదు.

"అక్కా, ఇందులో నేను ఏం చదివినానో యాడుందో చూపించు."

గ్రేస్‌కు అర్థం కాలేదు. "డిగ్రీ అని రాసినా గదమ్మా."

"డిగ్రీలో ఏంది? మా ఇంటి గోడ ఎట్లుందో రాసినావు. మా నాయన అంగీ చినిగిందని రాసినావు. మా అవ్వ గంజి తాగుతాదని రాసినావు. మూడేండ్లు నేను చదివింది జువాలజీ, బాటనీ, కెమిస్ట్రీ. ఒక్క ముక్కా లేదు. బుట్ట మోస్తే పట్టా ఇస్తారా అక్కా?"

బూత్‌లో ఫోను మాట్లాడుతున్న మనిషి కూడా తిరిగి చూశాడు. హరిత గొంతు తగ్గించింది. "మా నాయన నిన్నట్నుంచి ఆ అంగీ ఏసుకోల్యా. ఉతికి దండెం మీదనే పెట్టినాడు."

తన గురించి ఎవరైనా ఇలా రాసి ఉంటే తిప్పమ్మ కండెలు చుట్టే చేతుల గురించే రాసేవాళ్ళని గ్రేస్‌కు తోచింది. తను బీఏలో ఇష్టపడి చదివిన రాజనీతి పాఠాల గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

"తప్పయింది హరితా" అంది. "కూర్చో. ఇప్పుడు అడుగుతా, చెప్తావా? నీకు బాగా ఇష్టమైన పాఠం ఏంది?"

హరిత వెంటనే కూర్చోలేదు. బయట బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దించి వెళ్ళింది. తర్వాత స్టూలు అంచున కూర్చుని, ముందు పొడిపొడిగా, పోనుపోను ధారాళంగా చెప్పింది. ల్యాబులో చేపను కోయమన్న రోజు మిగతా అమ్మాయిలు ముక్కు మూసుకున్నారట. తనకు మాత్రం కత్తి పట్టగానే చెయ్యి దానంతటదే నడిచిందట. చిన్నప్పటినుంచి ఇంట్లో తీసి పారేసే మొప్పలు, లోపలి గాలితిత్తి, పొలుసుల మీది గీతలు, అన్నిటికీ పేర్లు ఉన్నాయని, పొలుసు మీది గీతలు చూసి చేప వయసు చెప్పొచ్చని తెలిసినప్పుడు ఇంటికి పరుగెత్తుకెళ్ళి నాయనకు చూపించిందట.

"మా నాయన ఏమన్నాడో తెలుసునా? ఇన్నాళ్ళూ ముసలిదాన్ని పిల్లదనుకుని అమ్మినానా అని నవ్వినాడు." హరిత కూడా నవ్వింది. "అదిగో, అది రాయాల అక్కా."

గ్రేస్ ఆ సాయంత్రమే అంతా మళ్ళీ రాసి పంపింది. వెంకటస్వామి ఒప్పుకోలేదు. ఒకే అమ్మాయిని వారంలో రెండుసార్లు వేయలేమన్నాడు. "చేప లోపల ఏముంటే ఎవురికి కావాలమ్మా? పేదింటి బిడ్డ అంటేనే జనం చదువుతారు."

ఆ ఆదివారం చర్చి అయ్యాక గ్రేస్ బుక్కపట్నం బస్సెక్కింది. వార్త రాలేదని చెప్పడానికి. హరిత నాయన ముందు వాకిట్లో నిలబడి, అంగీ సంగతి ఎత్తి క్షమించమని అడిగింది. ఆయన ఇబ్బంది పడి, "పోనీలేమ్మా, నీ పని నువ్వు చేసినావు" అని లోపలికి వెళ్ళి ఆమె కోసం చేపలు తెచ్చాడు. హరిత బస్సు దాకా తోడొచ్చింది. "వచ్చి అడిగినావు గదక్కా, సాలు" అంది.

మరుసటి ఏడాది నుంచి గ్రేస్ పద్ధతి మారింది. ఏ ఇంటికి వెళ్ళినా మొదట చదువు గురించే అడిగేది. ఇష్టమైన పాఠం ఏది, కష్టమైంది ఏది, పాఠం చెప్పినవాళ్ళలో ఎవరు గుర్తున్నారు, ఇప్పుడేం చేయాలనుకుంటున్నారు. ఫొటో ఎలా దిగాలో వాళ్ళనే అడిగేది. కొందరు పుస్తకాలతో, కొందరు స్నేహితులతో, ఒకమ్మాయి తన సైకిలుతో దిగింది. డెస్కు మాత్రం ఆ మాటలన్నీ కొట్టేసి, 'కూలీ బిడ్డ', 'గుడిసెలో వెలుగు' అనే శీర్షికలే పెట్టేది. గ్రేస్ పోట్లాడలేదు. మళ్ళీ అలాగే రాసి పంపేది. లక్ష్మీనారాయణ చూసి చూసి, "నీది మొండితనమా, ఓపికా పాపా?" అని అడిగితే, "నాకూ తెలీదు సార్" అంది.

1999లో పెనుకొండ కుర్రాడు కిషోర్ గురించి రాసింది. అతను బీఏ పాసయ్యాడు. సెలవుల్లో హిందూపురం మార్కెట్‌యార్డులో చింతపండు మూటలు మోసేవాడు. మూటల గురించి గ్రేస్ ఒక్క వాక్యమే రాసింది. మిగతాదంతా అతను చెప్పిన ఎకనామిక్స్. గిరాకీ, సరఫరా అనే పాఠం క్లాసులో ఎవరికీ ఎక్కకపోతే, తను లేచి మార్కెట్లో వేలం ఎలా జరుగుతుందో నటించి చూపించానని కిషోర్ చెప్పాడు. పంట బాగా వచ్చిన ఏడాది కర్ణాటక నుంచి వ్యాపారులు రాకపోతే రైతు ముఖం ఎలా ఉంటుందో, వచ్చిన రోజు వేలంపాట ఎంత పైకి పోతుందో, వ్యాపారి కన్నడంలో మాట్లాడితే రైతు తెలుగులో ఎలా బేరమాడతాడో, అతని మాటల్లోనే రాసింది.

ఆ రోజు వెంకటస్వామి సెలవులో ఉన్నాడు. ఎవరో కొత్త సబ్ ఎడిటర్ దాన్ని ఒక్క అక్షరం తీయకుండా వేసేశాడు.

మరునాడు హిందూపురం కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ ఆ ముక్కను నోటీసు బోర్డు మీద అంటించాడు. మార్కెట్‌యార్డులో రైతులు చదివించుకుని విన్నారు. తమ ఊరి పిల్లల గురించి కూడా ఇలాగే రాయమని పల్లెలనుంచి డెస్కుకు ఫోన్లు వచ్చాయి. వెంకటస్వామి సెలవునుంచి రాగానే గ్రేస్‌కు ఫోన్ చేశాడు.

"ఇదేందమ్మా, నేను ల్యాకుంటే ఇంత పని చేసినావు?"

"నేను రోజూ పంపేదే సార్ అది."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "సరే" అన్నాడు చివరికి. "ఫలితాల నెలంతా నీకు పావు పేజీ ఇస్తాండా. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ నువ్వే చూసుకో. కాలేజీల ప్రకటనల జోలికి మాత్రం పోవద్దు, అవి అక్కడి విలేకరులు చూసుకుంటారు."

ఆ ఏడాదే పెళ్ళి మాట కూడా తేలింది. అంతకుముందు ఒక సంబంధం వచ్చి, తిరుగుళ్ళు మానాలని వాళ్ళంటే గ్రేస్ వద్దంది. తిప్పమ్మ కొన్ని రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. పెనుకొండలో ఫొటో స్టూడియో నడిపే రామాంజి ఆమె ఫిల్ము రోల్స్ కడిగి ఇచ్చేవాడు. బొమ్మ చీకటిగా వస్తే తిట్టకుండా, వెలుతురు ఎటునుంచి పడాలో చెప్పేవాడు. ఒకరోజు అతనే అడిగాడు. రెండిళ్ళలోనూ మతం గురించి గొణుగుడు ఉన్నా, రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి జరిగిపోయింది. గ్రేస్ బూత్ పని వదిలి పెనుకొండకు మారింది. తిప్పమ్మ తన పని వదలనని ధర్మవరంలోనే ఉండి, కుదిరినప్పుడల్లా బస్సెక్కి కూతురింటికి వచ్చేది.

రెండేళ్ళు గడిచాయి. ఒకసారి హిందూపురం పనిమీద వెళ్ళినప్పుడు గ్రేస్ కిషోర్ కోసం వెతికింది. పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికాడు. లారీలకు సరుకు ఎక్కిస్తున్నాడు. ఆమెను చూసి సంతోషపడ్డాడు, వెంటనే ముడుచుకున్నాడు.

"రాసేకి వచ్చినావా అక్కా?"

"నిన్ను చూసేకి వచ్చినా."

"రాయొద్దు. కొత్తగా పెండ్లయింది. మా అత్తోళ్ళు ఆఫీసు పని అనుకుంటాండారు."

"రాయనులే" అంది గ్రేస్. ఇద్దరూ గేటు ఎదుటి హోటల్లో టీ తాగారు. అతను చాలా చెప్పాడు. డిగ్రీ అయ్యాక ఏ పరీక్షలకు ఎలా దరఖాస్తు పెట్టాలో చెప్పేవాళ్ళు లేరని, ప్రకటన తెలిసేసరికి గడువు దాటిపోయేదని, అసలు సర్టిఫికెట్ యూనివర్సిటీకి పోయి తెచ్చుకోవాలని కూడా ఏడాది దాకా తెలియదని. "మీ పేపర్లో నా ఫొటో ఏసినారు, బాగుండాది. ఆ మర్నాడు నేను యాడికి పోవాల్నో ఎవరూ చెప్పల్యా."

బస్సులో తిరిగొస్తూ గ్రేస్‌కు ఆ మాటే తిరుగుతూ ఉండింది. తను ఇన్నేళ్ళుగా రాసిన పిల్లలందరి ముఖాలూ గుర్తొచ్చాయి. ఆ తర్వాత వాళ్ళలో ఎంతమంది ఏమయ్యారో ఆమెకూ తెలియదు. వెంకటస్వామిని కలవడానికి మొదటిసారి అనంతపురం వెళ్ళింది. ఫలితాల నెల అయ్యాక కూడా వారానికి ఒకసారి కాస్త చోటు కావాలంది. ముందు చదివి వెళ్ళినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళకు దారి చెప్పేలా. వెంకటస్వామి తల గీరుకుని, ఒప్పుకున్నాడు.

'పట్టా చేతికొచ్చాక' అనే పేరుతో అది మొదలైంది. మొదటి వారం కిషోర్ చెప్పినవన్నీ, పేరు లేకుండా, ఊరు లేకుండా రాసింది. సర్టిఫికెట్లు ఎక్కడ తెచ్చుకోవాలి, ఏ పరీక్షకు ప్రకటన ఎప్పుడు చూసుకోవాలి అన్నది కింద సరళంగా ఇచ్చింది. మూడో రోజున కిషోర్ ఫోన్ చేశాడు.

"ఆ ముక్క నాదే గదక్కా?"

"నీదే."

"బాగుండాది. పేరు పెట్టింటే బాగుండు."

గ్రేస్ పగలబడి నవ్వింది. "నువ్వే గదప్పా వద్దంటివి!"

"అది ఫ్యాక్టరీ సంగతి. ఇది వేరే." కిషోర్ కూడా నవ్వాడు. ఆ తర్వాత అతను పరీక్షలు రాస్తూ పోయి, మూడో ప్రయత్నంలో ఒక సహకార సంఘంలో గుమాస్తా అయ్యాడు.

హరిత బీఈడీ చేసి, రామగిరి వైపు ఒక హైస్కూల్లో సైన్స్ టీచరైంది. బీఈడీ ప్రవేశ పరీక్షకు ఎలా చదవాలో ఆ శీర్షికకు ఆమే స్వయంగా రాసి పంపింది. తన ఫొటో కూడా తనే ఎంచుకుంది. నల్లబల్ల ముందు, చేతిలో సుద్దముక్కతో.

2000 దాటాక కాలం వేగంగా మారింది. ఫలితాలు ఇంటర్నెట్‌లో రాసాగాయి. ఎస్టీడీ బూత్‌లు సెల్ రీచార్జి దుకాణాలయ్యాయి. కాలేజీలు నల్లగౌన్లు అద్దెకు తెచ్చి గ్రాడ్యుయేషన్ డే జరపడం నేర్చుకున్నాయి. హిందూపురం కేబుల్ టీవీ వాళ్ళు వాటిని చిత్రీకరించేవాళ్ళు. వాళ్ళు పిలిస్తే గ్రేస్ మైకు పట్టుకుని వెళ్ళేది. వేదిక మీది ఉపన్యాసాలు కాస్త చూపించి, మైకు తీసుకుని కింద పిల్లలు కూర్చున్న కుర్చీల్లోకి నడిచేది.

2008 వేసవిలో పత్రికవాళ్ళు కొత్తగా చేరిన మండల విలేకరులను పెనుకొండకు పిలిచి, ఫలితాల వార్తలు ఎలా రాయాలో చెప్పమని గ్రేస్‌ను అడిగారు. తాలూకా ఆఫీసు దగ్గర చిన్న హాలు. ఆమె ఎప్పుడూ ఉపన్యాసం ఇచ్చిన మనిషి కాదు. నిలబడి, తనకు తెలిసిందే చెప్పింది.

"మార్కులు ఎట్లాగూ వస్తాయి, అవి కాలేజీవాళ్ళే పంపిస్తారు. మీరు ఇంటికి పోండి. వాళ్ళు ఏం చదివినారో అడగండి. అర్థం కాకుంటే మళ్ళా అడగండి, సిగ్గు పడొద్దు. ఇల్లు ఎట్లుందో రాయాలంటే ముందు వాళ్ళను అడిగి రాయండి. ఒక్క సర్కారు కాలేజీ కూడా ఇడిసిపెట్టొద్దు. వాళ్ళు ప్రకటనలు ఇయ్యలేరు కాబట్టి వాళ్ళ వార్త మనమే పోయి తెచ్చుకోవాల. ఆరు నెలలైనాక మళ్ళా ఒకసారి పోయి పలకరించండి."

వెనక వరసలో ఒకతను లేచాడు. "మేడం, ఫెయిలైనోళ్ళ గురించి ఏం రాయాల?"

హాలులో కొందరు నవ్వారు. గ్రేస్ నవ్వలేదు.

"పేర్లు రాయొద్దప్పా. సప్లిమెంటరీ పరీక్ష ఎప్పుడో, ఫీజు యాడ కట్టాల్నో, చదువు చెప్పేవాళ్ళు దగ్గర్లో ఎవరుండారో రాయి. పాసైనోళ్ళ ఫొటోల పక్కనే పెట్టు, కనపడేటట్లు. ఆ పొద్దు పేపరు తీసేది వాళ్ళే ఎక్కువ."

అతను రాసుకున్నాడు. టీలు వచ్చాయి. సందేహాలు అయిపోయాక కుర్రాళ్ళు బైకులమీద మడకశిర, రొద్దం, సోమందేపల్లి వైపు వెళ్ళిపోయారు. ఇంటర్ ఫలితాలు మరునాడేనని ఎవరో చెప్పారు. గ్రేస్ ఇంటికి వచ్చి, కెమెరా బ్యాటరీ చార్జింగ్‌కు పెట్టి, పొద్దున్నే సర్కారు కాలేజీ పిల్లల కోసం హరిత ఊరు బుక్కపట్నానికి బస్సు ఎన్ని గంటలకో రామాంజిని కనుక్కోమంది.